నీటిగోడ మీద సంకెల

పాము పగ పన్నెండేళ్ళని లోకం అంటుంది. ఆ మాట పుట్టించినవాడు తామ్రద్వారం గోడకాపుల ఇంటి ఆడపిల్లను చూసి ఉండడు. చూసి ఉంటే ఆ లెక్క మార్చుకునేవాడు.

అది మార్గశిరమాసపు వేకువ. సుముఖీనది సముద్రంలో కలిసే చోట తామ్రద్వార మహానగరం మంచులో మునిగిపోయి ఉంది. రాగిరేకులు తాపిన బురుజులు, పగడపు రంగు మేడలు, నెమలికంఠపు రంగు జెండాలు ఎగిరే రాజసౌధం, దేశదేశాల ఓడలు వచ్చి నిలిచే రేవు, అన్నింటి మీదా ఎవరో పాలమీగడ కప్పినట్టుంది. ఎంత కళ్ళు చించుకున్నా చెయ్యి చాచినంత మేరే కనిపిస్తోంది. ఆ మంచులో ఒక చిన్న పడవ చప్పుడు చెయ్యకుండా సముద్రం వైపు పోతోంది.

పడవలో ముగ్గురున్నారు. వెనక కూర్చుని తెడ్డు వేస్తున్నది నూకాలు. ఆ రేవులో పడవ నడుపుతూనే తల నెరిసిన మనిషి. నడుమ పట్టుపరుపు వేసుకుని, పైపంచె నోటికి అడ్డంగా బిగించి కట్టుకుని, ఒడిలో ఇత్తడి సంపుటం పట్టుకుని కూర్చున్నవాడు కంకభట్టు. అతను రాజ్యానికి మహామంత్రి. ఆ పదవి ఎలా వచ్చిందో తెలిసినవాళ్ళు మాత్రం మంత్రగాడు అంటారు, అదీ చాటున. ముందు కొమ్ము దగ్గర వలబుట్ట పక్కన కూర్చున్న సన్నటి కుర్రవాడు దక్షిణద్వీపాల నుంచి వచ్చిన మునకగాడు తారకుడని మంత్రిగారి నమ్మకం.

నమ్మకాలదేముంది. ఆ కుర్రవాడి తలపాగా కింద బారెడు జడ చుట్టి ఉంది. వలబుట్టలో వలల కింద ఒక కంచుసంకెల ఉంది. ఆ తారకుడి అసలు పేరు తరళ.

తరళ ఎవరో చెప్పాలంటే ముందు నీటిగోడ సంగతి చెప్పాలి.

తామ్రద్వారానికి నేల మీది కోట కన్నా నీటి కింది కోట గొప్పది. పేరు కూడా మిగలని ఏ కాలపు రాజో, నదీముఖానికి అడ్డంగా సముద్రగర్భంలో కొండరాళ్ళు పేర్పించి, రాయికీ రాయికీ డమరుకం ఆకారపు సీసపు బందులు పోయించి, ఒక ప్రాకారం కట్టించాడు. ఆటు తీసినప్పుడు దాని మీద మోకాలి లోతు నీళ్ళుంటాయి. పోటు మీద నిలువెత్తు. చేపలు పట్టే పడవలు దాని మీదుగా ఆడుకుంటూ పోతాయి. యుద్ధనౌక వస్తే మాత్రం పొట్ట చీలి అక్కడే కూర్చుంటుంది. మిత్రుల ఓడలు బురుజు కింది నుంచి మెలికల దారిన లోపలికి రావాలి. ఆ దారి గోడకాపులకే తెలుసు. గోడకు పుట్టి, గోడ మీద బతికి, గోడ దగ్గరే పోయే జాతి వాళ్ళది. వాళ్ళకు రెండు కట్టుబాట్లున్నాయి. గోడ మీద పెరిగిన ఆలిచిప్పలను గోకకూడదు, ఎందుకంటే సున్నం పట్టని చోట రాళ్ళను పట్టి ఉంచేది అవే. గోడకు పెట్టిన దీపాన్ని మనిషి ఆర్పకూడదు. అది దానంతట అది కొండెక్కాలి.

ఎనిమిదేళ్ళ కిందట ఒక పోటు మీద నల్లదీవి రాజు ఓడలు ఆ గోడ నట్టనడుమ నుంచి సొంత పెరట్లోకి వచ్చినట్టు వచ్చేశాయి. అక్కడ రాత్రికి రాత్రి ఓడ పట్టేంత వెడల్పున గండి పడి ఉంది. నగరం కాలిపోయింది. రాజు పోయాడు. గోడకాపుల్లో కండ ఉన్న మగవాళ్ళందరినీ తాళ్ళతో కట్టి ఓడల్లో వేసుకుపోయారు. వాళ్ళు దారిలో తుఫానులో పోయారని తర్వాత కబురొచ్చింది. అప్పటికి ఆస్థాన జ్యోతిష్కుడిగా ఉన్న కంకభట్టు, గోడ మర్మం తెలిసినవాడే గోడ తీశాడని కొత్త రాజు నిండుసభలో సాక్ష్యం చెప్పాడు. ఆ ఓడలకు చిక్కకుండా మిగిలిన గోడనాయకుడు వల్లభనాయకుడిని, అంటే తరళ తండ్రిని, ఆటు వేళ గోడ మీది కంచు కడియానికి సంకెలతో కట్టి పోటుకు వదిలేశారు.

నీళ్ళు గుండెల దాకా వచ్చినప్పుడు వల్లభనాయకుడు గుక్కెడు మంచినీళ్ళు అడిగాడు. పక్కన పడవలో ఉన్న కంకభట్టు నీళ్ళకుండ పైకెత్తి, అతని కళ్ళెదుటే సముద్రంలో వంపేశాడు. "చుట్టూ ఇన్ని నీళ్ళున్నాయి, ఏం తక్కువ నాయకా" అన్నాడు. కోటబురుజు మీద నుంచి తరళ అది చూసింది. మాట వినపడేంత దగ్గరలో లేదు. ఆ మాట ఏమిటో ఆ పడవ నడిపిన నూకాలు, ఆమె కూడా గోడకాపుల ఇంటి కోడలే, తర్వాత చెప్పింది. ఆ పిల్లను చేపల బుట్టలో దాచి దక్షిణద్వీపాల ఓడ ఎక్కించింది కూడా నూకాలే.

మునకగాళ్ళ మధ్య పెరిగిన తరళ ఊపిరి బిగబట్టడం నేర్చింది, మగవాడిలా నడవడం నేర్చింది. పాత నీటిగోడను తడిమి చూసే మునకగాడు కావాలని కంకభట్టు చాటింపు వేయించగానే తిరిగి వచ్చింది. గోడను బాగు చేయిస్తానని మంత్రి పైకి చెప్పాడు. లోపలి ఉద్దేశం వేరు. గండి పూడిపోయిందో, ఓడలకు ఇంకా దారి ఇస్తుందో అతనికి తెలియాలి. నల్లదీవి రాజుకు ఈసారి కొల్లగొట్టుకోవడానికి నగరం ఒక్కటి కాదు, మొత్తం రాజ్యమే అమ్మజూపాడు. తనకు సింహాసనం దక్కాలని బేరం.

కార్తీకమంతా తరళ గోడ మీద మునిగి తేలింది. కింద ఒక లోకం ఉంది. పచ్చగాజు లాంటి వెలుగులో రాళ్ళ వరసలు మెట్లుమెట్లుగా దిగిపోతాయి. వాటి సందుల్లో ఎర్రపీతలు, రాళ్ళ మీద జానెడు మందాన ఆలిచిప్పల పొర. ఆమె బంగారు తునక కోసం మట్టి జల్లెడ పట్టే మనిషిలా ఒక్కో రాయీ తడిమింది. ఏ రాయి ఏ కాలంలో పేర్చారో, ఏది ఎటు పడిందో ఆనవాలు పట్టింది. ఆలిచిప్పలను మాత్రం గోకలేదు. తండ్రి పగ తీర్చడానికి వచ్చినది, తండ్రి నేర్పిన కట్టుబాటు దాటలేకపోయింది. ఇదీ గోడకాపుల తెలివి. రాతి మీద రాసి ఉన్నదాన్ని చదవడానికి వచ్చి, దాని మీది ముసుగు తీయకుండా నెలరోజులు గడిపింది.

ఒకనాడు గండిలో ప్రవాహం ఆమెను విసిరికొట్టింది. పట్టు కోసం అంచురాయిని వాటేసుకుంటే అరచెయ్యి తెగి, ఆలిచిప్పల పెచ్చు ఒకటి ఊడి వచ్చింది. ముసలి గోడ మీది పొరలా జానెడు కాదు అది, వేలెడే. అంటే ఆ ముఖం నిన్నమొన్న విరిగినది. పెచ్చు కింద రాయి ఎర్రగా కాలి, మసిబారి, ఉల్లిపొరల్లా పగుళ్ళు తేలి ఉంది. బందులో సీసం కరిగి కిందికి కారి గడ్డ కట్టింది.

తరళ నీళ్ళలోనే నిలబడిపోయింది. గోడ మర్మం తెలిసినవాడు గోడ తీయాలంటే తాళపురాయి ఒక్కటి పైకి లేపితే చాలు, మిగతావి ఒక్కొక్కటీ పువ్వుల్లా విడి వస్తాయి. తండ్రి తీసి ఉంటే అలాగే తీసేవాడు. ఇక్కడ తాళపురాయి కదలలేదు. రాళ్ళను కాల్చి పగలగొట్టారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు, మరి సముద్రగర్భంలో నిప్పు ఎవడి దగ్గర ఉంది? ఆ రాజ్యంలో నీళ్ళలో మండే దీపం ఒక్కడి దగ్గరే ఉంది. అది అతని ఒడిలోని ఇత్తడి సంపుటంలో ఉంది.

ఆమెకు ఏడుపు వచ్చింది. నీటి కింద ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది కనుక, ఊపిరి ఉన్నంతసేపూ ఏడ్చింది.

ఆ గండే ఇంకో రహస్యం కూడా బయట పెట్టింది. గోడ మూసి ఉన్నంత కాలం దాని వెలుపల ఒండ్రు పేరుకుని ఉండేది. గండి పడ్డాక ఆటుపోట్లు ఆ ఇరుకులోంచి ఉరుకులు పెడుతూ ఆ ఒండ్రును ఏటేటా కడిగేశాయి. ఇప్పుడు గండికి ఎదురుగా, సముద్రం వైపుకు వాలి, వరసలు వరసలుగా మద్దిమానుల గుంజలు పైకి తేలాయి. తలలకు రాగి ములుకులు తొడిగి ఉన్నాయి. గోడ కన్నా పాత కోట అది. దాన్ని కట్టినవాళ్ళనే కాదు, అది ఉందన్న మాటనే జనం మరిచిపోయారు. బురదలో కప్పడి ఉన్న మాను నిన్న నరికినంత గట్టిగా ఉంది.

తరళ పైకి వచ్చి, ఒళ్ళు తుడుచుకుని, మహామంత్రికి దండం పెట్టి, గండి అరచేయిలా శుభ్రంగా ఉందని విన్నవించింది.

కంకభట్టు సంతోషించి ముత్యాల హారం ఇచ్చాడు. ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది కూడా.

ఆ గండి అంచున దీపం పెట్టడానికే ఇప్పుడు ఈ ప్రయాణం. మంచు కూడా కంకభట్టు కల్పించిందే, ఓడలు నగరం కంటబడకూడదు కనుక. ఆ మంచులో నల్లదీవి నావికులు నీటి కింద వెలిగే దీపాన్ని గురిపెట్టుకుని వస్తారు. దీపాన్ని అతనే వెలిగించాలి, ఇంకొకరి చేతికి అది లొంగదు. ద్రోహం కనుక భటులను వెంట తెచ్చుకోలేదు. సాక్షులుగా ఒక ముసలిదీ ఒక పరదేశీ ఉన్నారు, పని కాగానే ఇద్దరినీ సముద్రానికే ఇచ్చేయాలని అతని ఆలోచన. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడన్న సంగతి అతనికి తట్టలేదు.

పడవ గోడ మీద ఆగింది. ఆటు పూర్తిగా తీసింది. తరళ చెయ్యి పట్టి దింపగా కంకభట్టు మోకాలి లోతు నీళ్ళలో నిలిచి, సంపుటం తెరిచి, గండి అంచున నీటి లోపల ఉన్న రాతిగూట్లో దీపం పెట్టాడు. పడవలోని మంచినీళ్ళ కుండ అందుకుని పుక్కిలించి ఉమ్మాడు. సముద్రం మీద ఎప్పుడూ నోటికి గుడ్డ ఎందుకు కడతాడో తరళ ఏనాడో కనిపెట్టింది. ఉప్పునీరు తగిలిన నోట అతని మంత్రం పారదు. మంచినీటితో కడిగితే తప్ప మళ్ళీ పలకదు. ఒకసారి అల తుంపర మూతి మీద పడితే, కుండ అందేదాకా పిల్లికి దొరికిన ఎలకలా గింజుకున్నాడు.

అతను ముసుగు తీసి మంత్రం చదివాడు. నీటి కింద నీలిజ్వాల లేచింది. ఒక్కసారిగా గోడ, ఆలిచిప్పలు, చేపలు, గండి లోతు అన్నీ నీలమణిలో దిగిపోయినట్టు వెలిగాయి. ఆ వెలుగు మంచులోకి పాకి ఆకాశానికి ఎగబాకింది.

కంకభట్టు మురిసిపోతూ ఇంకా ఆ మంట వైపే చూస్తున్నాడు. టక్కుమని మణికట్టు మీద ఏదో బిగిసింది. వెనుదిరిగి నోరు తెరిచేలోపు దోసెడు ఉప్పునీళ్ళు ఆ నోట్లోనే పడ్డాయి.

సంకెల రెండో కొస అప్పటికే గోడ మీది కంచు కడియంలో ఉంది. ఎనిమిదేళ్ళు సముద్రంలో పడి ఉన్న ఆ పాత సంకెలను తరళే వెతికి తీసింది. దానికి కంసాలి చేత కొత్త తాళాలు వేయించింది. రెండు కొసలకూ ఒకే తాళంచెవి.

కంకభట్టు ముందు ఉరిమాడు, తర్వాత బేరం పెట్టాడు, ఆ తర్వాత ఎవరు నువ్వని అడిగాడు. తరళ తలపాగా విప్పింది. జడ జారి నీళ్ళలో పడింది. అయినా అతనికి గుర్తు రాలేదు. ముంచినవాడికి ముంచినవాళ్ళందరూ గుర్తుండరు.

"వల్లభనాయకుడి కూతుర్ని. రాయి కాల్చింది నువ్వు, సంకెల వేసింది మా నాన్నకి. ఇదే సంకెల, బాగా చూసుకో."

అతని మొహం మారింది. గొంతు తగ్గించి, నోరు పుక్కిలించుకోవడానికి గుక్కెడు మంచినీళ్ళిమ్మని అడిగాడు. ఈ మాట కోసమే తరళ ఎనిమిదేళ్ళు బతికింది. పడవలోని కుండ ఎత్తి, అతని కళ్ళెదుటే, చివరి చుక్క దాకా సముద్రంలో వంపేసింది.

"చుట్టూ ఇన్ని నీళ్ళున్నాయి, ఏం తక్కువ మహామంత్రీ."

పడవ ఎక్కి కాస్త దూరంగా వెళ్ళి కూర్చుంది. పోటు మొదలైంది. నీళ్ళు మోకాలు దాటాయి, మొల దాటాయి. తరళ రెప్ప వెయ్యకుండా చూసింది. దయ కలగలేదు. కలుగుతుందేమోనని ముందు భయపడింది, కలగనందుకు ఇప్పుడు హాయిగా ఉంది. మంత్రి గోడ మీద, ఓడలు గుంజల మీద. ఒకే పోటుకు రెండు పగలూ తీరిపోతాయి. నూకాలు మాత్రం తెడ్డు మీద గడ్డం ఆనించి కూర్చుంది.

నీళ్ళు అతని చంకల దాకా వచ్చిన వేళ, మంచులోంచి నగారా వినిపించింది. తెడ్లకు లయ వేసే ఓడ నగారా అది. నల్లదీవి నౌకాదళం వస్తోంది. తరళ లేచి నిలబడింది. నగారా వెంబడే పాట వచ్చింది. ఓడ అడుగున బందీలు పాడే పాట, బొంగురు గొంతుల పాట.

"గోడతల్లికి దండమెట్టు, ఓహో తెడ్డు
గూటిలోన దీపమెట్టు, ఓహో తెడ్డు"

ఆ పాట లోకంలో ఇంకెక్కడా లేదు. గోడకాపులు రాళ్ళు మోసుకుపోతూ పాడుకునే పాట. తుఫానులో పోయారన్న గోడకాపులు పోలేదు. నల్లదీవి ఓడల అడుగున, తెడ్లకు కట్టేసి ఉన్నారు. ఆ ఓడలే ఇప్పుడు నీలివెలుగును చూసుకుని రాగిములుకుల మీదికి వస్తున్నాయి.

నూకాలు తెడ్డు జారవిడిచింది.

"పాపా, ఆ ముందు పాడే గొంతు మా మావది. ఎనిమిదేళ్ళయి కుంకుమ చెరిపీసుకున్నాను. అది మా మావ గొంతే."

తరళ ఇంక ఆగలేదు. దీపం ఉన్న గూటి మీదికి దూకింది. పట్టి లాగితే అది రాతికి కరిచిపెట్టుకుని ఉంది, అరచేతి తోలు ఊడి వచ్చింది. వలలు కప్పితే నీళ్ళలోనే భగ్గుమన్నాయి. రాయి అడ్డం పెడితే రాయి పగిలింది. ఊపిరి అందక పైకి తేలినప్పుడు ఆమెకు తన తప్పు తెలిసింది. వెలిగించే మంత్రం విన్నది, మంచు సంగతి విన్నది, ఓడల వేళ విన్నది. దీపం ఆర్పేదెలాగో ఒక్కసారి కూడా అడగలేదు. గోడ మీది దీపాన్ని ఆర్పాలన్న ఆలోచనే గోడకాపుల బిడ్డకు రాదు.

ఆర్పగలిగినవాడు ఒక్కడే. అతనికి గొంతు దాకా నీళ్ళు వచ్చాయి. నోరేమో ఉప్పైంది. మంచినీళ్ళ కుండను ఆమె చేజేతులా వంపేసింది.

ఆమె పడవలో ఒట్టికుండ వైపు చూసిన చూపు నూకాలుకు అర్థమైంది. ముసలిది రొంటిన కట్టుకున్న చిన్న సొరకాయ బుర్ర విప్పి ఇచ్చింది.

"అడుగున గుక్కెడు ఉన్నాయి. ఎల్లు పాపా. ఇక్కడ నాను పాడతాను, ఆల తెడ్డు ఆపుతాను. నువ్వు ఆ ఎలుగు ఆపు."

తరళ బుర్ర మూతి బొటనవేలితో బిగించి, ఒక చెయ్యి పైకెత్తి ఒక చేత్తో ఈదుతూ గోడ మీదికి చేరింది. కంకభట్టు మునివేళ్ళ మీద నిలబడి, మొహం ఆకాశానికి ఎత్తి, మూతి గట్టిగా బిగించి ఉన్నాడు. వల్లభనాయకుడు చివరిలో నిలబడింది కూడా సరిగ్గా అలాగే. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఈ గుక్కెడు నీళ్ళు ఆ రోజు దొరికి ఉంటే మా నాన్న దాహం తీరి పోయేవాడు కదా అని కడుపు రగిలిపోయింది. ఆ రగిలే కడుపుతోనే, తండ్రికి దక్కని నీళ్ళను తండ్రిని చంపినవాడి నోట్లో పోసింది.

అతను పుక్కిలించాడు. ఉమ్మలేదు. బుగ్గలు ఉబ్బించి, ఆ నీళ్ళు నోట్లోనే ఉంచుకుని, కళ్ళతో సంకెల వైపు చూపించాడు. విప్పితే ఉమ్మి మంత్రం చదువుతాడు. విప్పకపోతే మింగేస్తాడు. ఆ కళ్ళు నవ్వుతున్నాయి.

"గోడతల్లికి దండమెట్టు" అన్న పాట ఇప్పుడు తెడ్ల చప్పుడుతో కలిసి వినిపించేంత దగ్గరికి వచ్చింది.

తరళ బొడ్లోంచి తాళంచెవి తీసింది. మునిగి, గోడ కడియానికి ఉన్న తాళం విప్పింది. కంకభట్టు గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. ఆ గాలి పూర్తి కాకముందే రెండో కొస తరళ తన మణికట్టుకు బిగించుకుంది. తాళం పడింది. తాళంచెవిని అతని మొహం ముందు ఒకసారి ఆడించి చూపించి, గండిలోకి వదిలేసింది. రాగిరంగు మెరుపు ఒకటి నీలివెలుగులో తిరుగుతూ తిరుగుతూ లోతుకు పోయింది.

"నీకు ఈత రాదు. ఇంక నన్ను పట్టుకునే బతకాలి. ఒక్క ఓడ గుంజెక్కినా నేను ఊపిరి వదిలేసి అడుగుకు పోతాను, వెంట నువ్వూ వస్తావు. చదువు."

కంకభట్టు నవ్వు ఎగిరిపోయింది. నీళ్ళు ఉమ్మి, గడగడలాడుతూ మంత్రం అందుకున్నాడు. నీలిజ్వాల వణికింది, కుంచించుకుంది, పచ్చబారింది. ఎనిమిదేళ్ళ కిందట రాళ్ళను పగలగొట్టిన నిప్పు చివరిసారి బుస్సుమని, కొండెక్కింది. మంచు మళ్ళీ గుడ్డిదైపోయింది.

వెలుగు పోగానే ఓడ మీద కేకలు లేచాయి. ఆ కేకల మీదుగా, మంచులో ఎక్కడి నుంచో, ఒక ముసలి ఆడగొంతు లేచింది. గోడ దగ్గరికి రాగానే తెడ్లు వెనక్కి వేయమని గోడకాపులు పాడుకునే చరణం అది.

"గడపకాడ కాలు నిలుపు, ఎనక్కి తెడ్డు
గంగతల్లి ముందరుంది, ఎనక్కి తెడ్డు"

ఓడ లోపల పాట తెగిపోయింది. ఎవరో పెద్దగా ఏడ్చారు. తర్వాత తెడ్లన్నీ ఒక్కసారిగా నీళ్ళకు ఎదురు తిరిగాయి. నగారా ముందుకు ముందుకు అని మోగుతోంది, తెడ్లు వెనక్కి పడుతున్నాయి. కొరడాల చప్పుడు మొదలైంది. అయినా తెడ్లు వెనక్కే పడ్డాయి. కాని పోటు బలం ముందుకే నెడుతోంది. మంచును చీల్చుకుంటూ తాటిచెట్టంత ఓడకొమ్ము, నల్లటి కొయ్యపాము తలతో, గుంజల వరసకు బారెడు దూరంలో బయటికి వచ్చి ఊగిసలాడింది.

అల ఒకటి లేచి కంకభట్టు నోరు ముంచింది. అతను తరళ భుజాలు పట్టుకుని ఎగబాకాడు. ఉప్పునీళ్ళు కక్కుతూ, రాజ్యాన్ని అమ్మజూపిన మహామంత్రి, పసివాడిలా అడిగాడు.

"తాళంచెవి... తాళంచెవి ఎక్కడ పడేశావు?"

తరళ అతని జుట్టు పట్టి, తనవాళ్ళున్న ఆ ఓడకొమ్ము వైపు ఈదడం మొదలుపెట్టింది.

"అడుగున మా నాన్న దగ్గరుంది. వెళ్ళి అడుగు."